జాబితాకెక్కని పుస్తకం లేనట్టే

గ్రంథాలయంలో ఒక పుస్తకం ఉన్నదని చెప్పడానికి దానిని కొన్న బిల్లు చాలదు. బీరువాలో పెట్టి తాళం వేయడమూ చాలదు. రచయిత పేరుతోనో, గ్రంథనామంతోనో, విషయంతోనో వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడికి ఆ పుస్తకం ఏ వరుసలో, ఏ సంఖ్య కింద ఉన్నదో చెప్పే నమోదు ఉండాలి. ఆ నమోదును నేడు కేటలాగు అంటున్నాం. మన పెద్దలు ఫెహ్రిస్త్ అన్నారు. ఫెహ్రిస్త్‌కు ఎక్కని పుస్తకం అల్మారాలో ఉన్నా, లోకానికి లేనట్టే.

మేము పౌర గ్రంథాలయాలలో పార్ట్‌టైమ్ కేటలాగర్లుగా పనిచేస్తున్నవాళ్ళం, పనిచేసి మానుకున్నవాళ్ళం. ఉర్దూ చదవగలవాళ్ళం, తెలుగు రాయగలవాళ్ళం, గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పొందినవాళ్ళం. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉర్దూ పుస్తకాలూ, తెలుగులో ముస్లింలు సృష్టించిన సాహిత్యమూ పౌర గ్రంథాలయాలలో కనబడకపోవడానికి కారణం పాఠకులు లేకపోవడమని అధికారులు అంటారు. అది నిజం కాదు. వాటిని చదివి, వర్గీకరించి, నమోదు చేసే పూర్తికాలపు ఉద్యోగి లేకపోవడమే అసలు కారణం. ఆ ఉద్యోగిని నియమించమని అడగడం భిక్ష కాదు, పన్ను కట్టే పౌరుల హక్కు.

సగం పూట పని, పూర్తి బాధ్యత

ముందుగా ఈ పని ఏమిటో తెలియాలి. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకమూ మొదట చేరిక రిజిస్టరులో ఎక్కుతుంది. తరువాత కేటలాగరు దానిని తెరిచి రచయిత ఎవరో, సంపాదకుడు ఎవరో, అనువాదం అయితే మూలకర్త ఎవరో, ఏ సంవత్సరంలో ఎక్కడ అచ్చయిందో నిర్ధారించాలి. దాని విషయాన్ని గుర్తించి వర్గ సంఖ్య ఇవ్వాలి. పాఠకుడు ఏయే పేర్లతో వెతికే అవకాశం ఉన్నదో ఊహించి ఆ పేర్లన్నిటి కిందా దారి చూపాలి. ఆ పైన వెన్నుమీద చీటీ అతికించి అరలో చేర్చాలి. ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా పుస్తకం తప్పిపోతుంది.

ఉర్దూ పుస్తకం విషయంలో ఈ మెట్లన్నీ ఎక్కువ జాగ్రత్తను కోరుతాయి. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. లిపి తెలియనివారు చివరి పుటను మొదటి పుట అనుకొని దానిమీద ముద్ర వేసిన పుస్తకాలను మేము చూశాం. రిజిస్టరులో గ్రంథనామం రాయవలసిన గడిలో ‘ఉర్దూ పుస్తకం’ అని మాత్రమే రాసి, రచయిత గడిలో గీత గీసి, ధర మాత్రం పైసలతో సహా నమోదు చేసిన పుటలనూ చూశాం. ఆ గ్రంథాలయం దృష్టిలో మీర్ తఖీ మీర్ కవిత్వమూ, వంటల పుస్తకమూ, యునానీ వైద్య గ్రంథమూ ఒకే పేరున్న ఒకే వస్తువు.

సంవత్సరం సంగతి మరొకటి. హైదరాబాదు రాజ్యంలో అచ్చయిన పుస్తకాలమీద హిజ్రీ సంవత్సరం ఉండవచ్చు, ఫస్లీ సంవత్సరం ఉండవచ్చు, క్రీస్తు శకమూ ఉండవచ్చు. పుస్తకంమీద 1346 అని ఉంటే అది హిజ్రీ అయితే 1927-28, ఫస్లీ అయితే 1936-37. మధ్య తొమ్మిదేళ్ళ తేడా. ఒక పత్రిక సంచిక ఖిలాఫత్ ఉద్యమం సద్దుమణిగిన కొద్దికాలానికే వచ్చిందా, లేక మరో దశాబ్దం ముందుకు నడిచిన కాలానిదా అన్నది ఈ ఒక్క నిర్ణయంమీద ఆధారపడుతుంది. కంప్యూటరు ఆ గడిలో నాలుగంకెలు ఉన్నాయా లేదా అనే చూస్తుంది. ఏ పంచాంగమో నిర్ణయించవలసింది మనిషి.

ఇంత పనికి మాకు ఇచ్చినది వారంలో మూడు రోజులు, రోజుకు సగం పూట. సెలవు లేదు, భవిష్య నిధి లేదు, వచ్చే ఏడాది ఉంటామన్న హామీ లేదు. ఒక చిన్న లెక్క వేద్దాం. శ్రద్ధగా పనిచేసే కేటలాగరు ఒక పూటలో పది ఉర్దూ పుస్తకాలను పూర్తి చేస్తాడనుకుందాం. వారానికి 30. జిల్లా కేంద్రంలోని ఒక గ్రంథాలయంలో నమోదు కాని ఉర్దూ పుస్తకాలు 6,000 ఉన్నాయనుకుంటే, కొత్త పుస్తకం ఒక్కటీ రాకపోయినా ఆ గుట్ట తరగడానికి 200 వారాలు, అంటే దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. ఈలోగా కాంట్రాక్టు ముగుస్తుంది, కేటలాగరు మారుతాడు. కొత్తగా వచ్చినవాడు పాతవాని నిర్ణయాలు తెలియక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. పార్ట్‌టైమ్ అన్నది ఖర్చు తగ్గించే ఏర్పాటని చెబుతారు. నిజానికి అది పని ఎన్నటికీ పూర్తికాకుండా చూసే ఏర్పాటు.

పేర్లు చెదిరితే చరిత్ర చెదురుతుంది

తెలుగు గ్రంథాలయాలలో రచయితను ఇంటిపేరుతో నమోదు చేసే అలవాటు స్థిరపడింది. ముస్లిం పేరుకు ఈ పద్ధతిని యథాతథంగా అతికిస్తే అనర్థం జరుగుతుంది. షేక్, సయ్యద్, మహమ్మద్ అన్నవాటిని ఇంటిపేర్లుగా భావించి వరుస కడితే, ఒకరితో ఒకరికి సంబంధం లేని వందలాది రచయితలు ఒకే పేరు కింద పడతారు. మౌలానా, మౌల్వీ, హజ్రత్ అన్న గౌరవపదాలను పేరులో మొదటి భాగంగా తీసుకుంటే అసలు పేరు అడుగున పడిపోతుంది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఒక్కరే. కానీ ‘అబుల్’ కింద కొన్ని, ‘ఆజాద్’ కింద కొన్ని, ‘మౌలానా’ కింద మరికొన్ని చేరితే ఆయన ముగ్గురు రచయితలైపోతారు. ఏ ఒక్క చోట చూసిన విద్యార్థికీ ఆయన కృషిలో మూడో వంతే కనబడుతుంది.

ఉర్దూ కవులు తఖల్లుస్‌తో ప్రసిద్ధులు. మీర్జా అసదుల్లా ఖాన్ అంటే ఎందరికి తెలుస్తుంది? గాలిబ్ అంటే అందరికీ తెలుస్తుంది. ప్రసిద్ధమైన పేరు కింద ప్రధాన నమోదు, తక్కిన పేర్ల నుంచి ‘ఇక్కడ చూడండి’ అన్న దారి. ఇదే సూచీకరణ శాస్త్రం నేర్పే పద్ధతి. అనువాదాలకూ ఒక నియమం ఉన్నది. అనువదించిన గ్రంథం మూలకర్త పేరు కింద నమోదు కావాలి, అనువాదకుడి పేరుతో మరొక నమోదు ఉండాలి. దాశరథి కృష్ణమాచార్య గాలిబ్‌ను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు పాఠకులకు అందించారు. ఆ పుస్తకం దాశరథి పేరు కింద మాత్రమే ఉంటే, గాలిబ్‌ను వెతుక్కుంటూ వచ్చిన ముస్లిం పిల్లవాడికి తెలుగులో గాలిబ్ లేడనే సమాధానం వస్తుంది. ఆ సమాధానం అబద్ధం. ఆ అబద్ధాన్ని చెప్పింది అసంపూర్ణమైన కేటలాగు.

తెలుగు లిపిలో మన పదాల రూపాలు కూడా ఒకటిగా లేవు. ఖురాన్, ఖుర్ఆన్, కురాన్, కొరాను అని నాలుగు విధాల రాస్తాం. వీటిని ఒక్క తాటికి కట్టే పని ఎవరూ చేయకపోతే, కంప్యూటరులో ఒక రూపం కొట్టినవారికి తక్కిన మూడు రూపాల కింద ఉన్న పుస్తకాలు కనబడవు. దూదేకుల సమాజంమీద పరిశోధన చేసే విద్యార్థిని తీసుకోండి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లను ప్రభుత్వమే వెనుకబడిన తరగతుల జాబితాలోని బి గ్రూపులో ఒకే వరుసలో చేర్చింది. ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు ఒకే సమాజమని గుర్తించిన ప్రభుత్వం, పుస్తకం ఇచ్చేటప్పుడు మాత్రం నాలుగు వేరువేరు మాటలుగా వదిలేస్తోంది. ఆ విద్యార్థి పరిశోధనలో ‘ఈ సమాజంమీద రచనలు అరుదు’ అన్న వాక్యం చేరుతుంది. తరువాతి పరిశోధకుడు దానినే ఉటంకిస్తాడు. చరిత్రలేని సమాజంగా మనం మారేది ఇటువంటి గడులలోనే.

వర్గ సంఖ్యలో వివక్ష

మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణను మన గ్రంథాలయాలు విరివిగా వాడుతున్నాయి. అందులో 200 మొదలు మతాలు. 220 నుంచి 280 దాకా ఉన్న దశకాలన్నీ క్రైస్తవానికే. తక్కిన ప్రపంచ మతాలన్నిటికీ మిగిలింది 290. ఇస్లాంకు 297 అన్న ఒక్క సంఖ్య, హిందూ మతానికి 294.5. సాహిత్యంలోనూ అంతే. ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం దక్కగా, ఉర్దూకు 891.439, తెలుగుకు 894.827. అంటే ‘ఇతర భాషలు’ అన్న ఒకే ఇరుకు గదిలో తెలుగూ ఉర్దూ పక్కపక్కన ఉన్నాయి. ఈ విషయంలో తెలుగు పాఠకుడికీ ఉర్దూ పాఠకుడికీ ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మన దేశానికి చెందిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ మత విభాగాన్ని వేరే క్రమంలో అమర్చి చూపింది. వర్గీకరణ దైవదత్తం కాదు, మనుషులు చేసినదే, మార్చదగినదే అని ఆయన కృషి నిరూపించింది.

మా ఆక్షేపణ డ్యూయీతో ఆగిపోదు. ఉన్న సంఖ్యలను వాడే తీరులోనే పెద్ద అన్యాయం జరుగుతోంది. ఒక ముస్లిం రచయిత తెలుగులో రాసిన కథల సంపుటి తెలుగు కథాసాహిత్యంలో, 894.8273లో ఉండాలి. కానీ ముఖచిత్రంమీద గడ్డమో, మినారో, బురఖానో కనబడితే చాలు, దానిని 297లో, నమాజు విధానం నేర్పే పుస్తకాల పక్కన చేర్చిన సందర్భాలు మాకు ఎదురయ్యాయి. తెలుగు ముస్లిం కవితా సంకలనంగా పేరొందిన ‘జల్‌జలా’, ముస్లిం కథల సంకలనం ‘వతన్’ వంటి పుస్తకాలు తెలుగు సాహిత్యంలో భాగం. వాటిని మతగ్రంథాల అరకు పంపడం అంటే, ముస్లిం ఏది రాసినా మతమే రాస్తాడనీ, తెలుగు సాహిత్యంలో అతనికి చోటు లేదనీ సంఖ్యారూపంలో తీర్పు చెప్పడం. కథలు చదవడానికి వచ్చిన హిందూ పాఠకుడు ఆ అర దగ్గరకు వెళ్ళడు. మతగ్రంథం కోసం వచ్చిన ముస్లిం పాఠకుడు ఆ కథలను తీసుకోడు. పుస్తకం ఇద్దరికీ కాకుండా పోతుంది.

‘అడిగేవారు లేరు’ అన్న వాదం

ఉర్దూ కేటలాగరు కావాలని అడిగిన ప్రతిసారీ వినబడే జవాబు ఒక్కటే. ఉర్దూ పుస్తకాలు అడిగేవారు లేరట. ఇచ్చిపుచ్చుకొనే రిజిస్టరులో ఉర్దూ పుస్తకాల సంఖ్య చూపించి, ఇంత తక్కువ వాడకానికి ఉద్యోగం ఎలా ఇస్తామంటారు.

ఈ వాదం గానుగెద్దులా తిరిగిన చోటనే తిరుగుతుంది. కేటలాగు లేదు గనుక పాఠకుడికి పుస్తకం దొరకదు. దొరకలేదు గనుక అతడు మళ్ళీ రాడు. రాలేదు గనుక వాడకం నమోదు కాదు. నమోదు లేదు గనుక కేటలాగరు అనవసరం. తలుపుకు తాళం వేసి, ఈ ఇంటికి ఎవరూ రావడం లేదని లెక్క రాసుకొన్నట్టుంది ఈ వ్యవహారం. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దక్కాలనీ, పాఠకుని కాలం వృథా కాకూడదనీ రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. ఆ సూత్రాలను గోడలమీద రాయించుకొన్న గ్రంథాలయాలు ఉర్దూ బీరువా దగ్గరకు వచ్చేసరికి వాటిని మరచిపోతున్నాయి.

లెక్క లేనిదే నిజానికి విలువ లేదన్న అనుభవం మన సమాజానికి కొత్త కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వెలువడేవరకు ముస్లింల వెనుకబాటు గురించి మనం చెప్పినదంతా ఫిర్యాదుగానే చలామణి అయింది. అంకెలు వచ్చిన తరువాతనే అది వాదనకు నిలిచే వాస్తవమైంది. పుస్తకాలకు కేటలాగు అటువంటి జనగణన. ఏమున్నదో తెలియకపోతే ఏది లేదో అడగలేము. ఏది చెదలు తిన్నదో, ఏది తూకానికి వెళ్ళిందో నిరూపించలేము. నమోదు కాని పుస్తకం పోతే దానిని పోయినట్లు కూడా నమోదు చేయరు.

మన వారసత్వం ఫెహ్రిస్త్‌దే

సూచీకరణ మనకు పరాయి విద్య అనుకోవడం చరిత్ర తెలియని మాట. పదో శతాబ్దంలో బగ్దాదులో పుస్తకాల వ్యాపారి ఇబ్న్ అల్ నదీమ్ తన కాలానికి అరబీలో లభించిన గ్రంథాలన్నిటినీ విషయాల వారీగా జాబితా చేసి ‘అల్ ఫెహ్రిస్త్’ రాశాడు. అందులో పేర్కొన్న గ్రంథాలలో అనేకం నేడు లేవు. అవి ఒకప్పుడు ఉండేవని మనకు తెలిసింది ఆ జాబితా వల్లనే. పదిహేడో శతాబ్దంలో ఇస్తాంబుల్‌లో హాజీ ఖలీఫా ‘కష్ఫ్ అల్ జునూన్’లో వేలాది గ్రంథాల వివరాలు కూర్చాడు.

అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయం తన అరబీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాల ఫెహ్రిస్త్‌ను సంపుటాలుగా అచ్చువేయించింది. ఆ గ్రంథాలయమే నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో నెలకొల్పిన ఇదారా ఎ అదబియాత్ ఎ ఉర్దూ తన లిఖిత ప్రతుల వివరణాత్మక సూచిని సంపుటాల కొద్దీ వెలువరించింది. నసీరుద్దీన్ హాష్మీ సాలార్‌జంగ్, ఆసఫియా సంగ్రహాలలోని ఉర్దూ లిఖిత ప్రతులకు సూచీలు తయారు చేశారు. విద్యుత్తు దీపాలు కూడా అరుదైన రోజులలో, చేతిరాత చీటీలతో ఇంత పని జరిగింది. నేడు ఉర్దూ లిపిని యూనికోడ్‌లో నిక్షేపంగా చూపే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కోహా వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేరులో ఒకే పుస్తకాన్ని ఉర్దూ లిపిలోనూ తెలుగు లిపిలోనూ నమోదు చేయవచ్చు. పరికరం ఉన్నది. పుస్తకం ఉన్నది. పని తెలిసిన యువతా ఉన్నది. లేనిది ఉద్యోగం.

తెలుగు గ్రంథాలయోద్యమ వారసులకు ఒక మాట చెప్పాలి. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ అయిన కాలంలో, తమ భాషా పుస్తకం తమకు అందాలని తెలుగువారు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయాన్ని స్థాపించుకొన్నారు. అధికారంలో లేని భాషకు గ్రంథాలయం ఎంత అవసరమో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయ్యంకి వెంకటరమణయ్య ఆంధ్రదేశమంతటా గ్రంథాలయోద్యమాన్ని నడిపింది పుస్తకం కొందరి సొత్తు కాకూడదనే. నాడు తెలుగుకు న్యాయమైనది నేడు ఉర్దూకు న్యాయం కాకుండా ఎలా పోతుంది? మేము అడుగుతున్నది ఆ ఉద్యమ ధర్మాన్నే.

మూడు ఆక్షేపణలకు సమాధానం

మన పిల్లలు ఉర్దూ చదవడం లేదు కదా, ఈ ఆరాటం ఎందుకని మనలోనే కొందరు అంటారు. ఆంధ్ర జిల్లాలలోనూ, తెలంగాణ పల్లెలలోనూ తెలుగే చదివే ముస్లింలు లక్షలలో ఉన్నారన్నది నిజం. అందువల్లనే కేటలాగు మరింత అవసరం. తాత చదివిన పుస్తకం పేరు మనవడు తెలుగు లిపిలో చదవగలిగితే, దాని విషయం రెండు వాక్యాలలో తెలుసుకోగలిగితే, దానిని చదివి చెప్పేవారినో, అనువదించేవారినో వెతుక్కుంటాడు. రెండు లిపుల కేటలాగు రెండు తరాల మధ్య వంతెన. అది లేకపోతే తాత పుస్తకాలు మనవడి చేతిమీదుగానే పాతకాగితాల దుకాణానికి చేరతాయి.

అంతా ఇంటర్నెట్‌లో దొరుకుతున్నప్పుడు కేటలాగు దేనికని మరికొందరు అంటారు. రేఖ్తా వంటి సంస్థలు వేల ఉర్దూ పుస్తకాలను అంతర్జాలంలో ఉంచి గొప్ప మేలు చేశాయి. కానీ అక్కడ కూడా పుస్తకం దొరికేది ఎవరో ఒకరు రచయితనూ, పేరునూ, సంవత్సరాన్నీ నమోదు చేసినందువల్లనే. పేరులేని స్కాను ప్రతి పేరులేని పుస్తకం కంటే లోతుగా పూడిపోతుంది. బీరువాలోని పుస్తకం కనీసం చేతికి తగులుతుంది.

మూడోది చాలా మర్యాదగా వచ్చే సూచన. ముస్లిం సంఘాలు స్వచ్ఛంద సేవకులను పంపవచ్చు కదా, విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు ఖాళీగా ఉన్నారు కదా అంటారు. విశ్రాంత ఉపాధ్యాయుల విద్వత్తు మాకు శిరోధార్యం. పేర్లు చదివి పెట్టడంలో, కాలం నిర్ణయించడంలో వారి సాయం అమూల్యం. కానీ తెలుగు, ఇంగ్లీషు పుస్తకాల నమోదుకు జీతం ఇచ్చే ప్రభుత్వం ఉర్దూ పుస్తకాల నమోదును సేవగా చేయమనడం సమానత్వం కాదు. ఉచితంగా జరిగిన పనిని చూపి పోస్టు అక్కరలేదని రేపు ఫైలుమీద రాస్తారు. సాయం చేద్దాం, కానీ ఆ సాయం ఉద్యోగానికి బదులు కాదని ముందే రాతపూర్వకంగా చెబుదాం.

పన్ను మనది, హక్కు మనది

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఇంటి పన్నులో ప్రతి రూపాయిమీద 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. చార్మినార్ చుట్టూ ఉన్న ఇళ్ళు, కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాదు బస్తీలలోని ఇళ్ళు కూడా ఈ సెస్సు కడుతున్నాయి. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో ముస్లింలు 12.7 శాతం. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022లో అదే ప్రకటించింది. అధికార భాష అన్న మాటకు అర్థం బోర్డుమీద మూడో వరుస మాత్రమే కాదు. ఆ భాషలోని పుస్తకాన్ని ప్రభుత్వ గ్రంథాలయం గుర్తుపట్టగలగాలి. భారత రాజ్యాంగం 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కును పౌరులకు ఇచ్చింది. లిపిని చదవగల ఉద్యోగి లేని చోట ఆ హక్కు కాగితంమీదనే ఉంటుంది.

ఉద్యోగం విషయంలో మరొక సంగతి. 2007 చట్టం ద్వారా బీసీ-ఇ వర్గాలకు వచ్చిన 4 శాతం రిజర్వేషన్ ఎన్నో వ్యాజ్యాలను తట్టుకొని, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడలో కొనసాగుతోంది. కానీ రిజర్వేషన్ అమలయ్యేది పోస్టు మంజూరై, నోటిఫికేషన్ వెలువడి, రోస్టరు పాటించినప్పుడు. నోటిమాటతో పెట్టుకొని నోటిమాటతో తీసేసే పార్ట్‌టైమ్ కొలువులో రోస్టరు ప్రవేశించడానికి కిటికీ కూడా ఉండదు. తాత్కాలిక ఉద్యోగులైనా అదే పని చేస్తే సమాన వేతనానికి అర్హులని సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. పని మొత్తం అప్పగించి గంటలు మాత్రం సగమని రాయడం ఆ తీర్పును పక్కదారిలో దాటిపోవడమే.

మా కోరికలు స్పష్టమైనవి. ఉర్దూ సంగ్రహం ఉన్న ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థలోనూ ఉర్దూ లిపి తెలిసిన పూర్తికాలపు కేటలాగరు పోస్టును మంజూరు చేసి, రోస్టరు ప్రకారం భర్తీ చేయాలి. ఇప్పటికే ఏళ్ళుగా పార్ట్‌టైమ్‌లో పనిచేస్తున్నవారి అనుభవానికి అందులో గుర్తింపు ఇవ్వాలి. ముస్లిం రచయితల పేర్లకూ, ఇస్లామీ పదజాలానికీ, మన సమాజాల పేర్లకూ తెలుగు, ఉర్దూ లిపులలో ప్రామాణిక పట్టికను రూపొందించాలి. ఉభయ రాష్ట్రాల పౌర గ్రంథాలయాలలోని ఉర్దూ గ్రంథాలకూ, తెలుగు ముస్లిం సాహిత్యానికీ సంయుక్త కేటలాగు తయారుచేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. కేటలాగు పూర్తయ్యేవరకు ఒక్క ఉర్దూ పుస్తకాన్నీ శిథిలమైనదన్న పేరుతో తొలగించకూడదు.

సమాజం చేయవలసిన పని కూడా ఉన్నది. సమాచార హక్కు చట్టం 2005 మన చేతిలో ఉన్నది. ఆరో సెక్షన్ ప్రకారం దరఖాస్తును ఆ ప్రాంత అధికార భాషలో పెట్టుకోవచ్చు. మీ జిల్లా గ్రంథాలయ సంస్థకు నాలుగు ప్రశ్నలు పంపండి. చేరిక రిజిస్టరులో ఉర్దూ పుస్తకాలు ఎన్ని? వాటిలో కేటలాగుకు ఎక్కినవి ఎన్ని? ఉర్దూ తెలిసిన సూచీకరణ సిబ్బంది ఎందరు, ఏ హోదాలో? గత అయిదేళ్ళలో రద్దు చేసిన ఉర్దూ పుస్తకాలు ఎన్ని, ఎవరి సంతకంతో? మామూలుగా 30 రోజులలో జవాబు రావాలి. ఒక్కరు అడిగితే ఫైలు కదలకపోవచ్చు. ప్రతి జిల్లా నుంచి ఒక మసీదు కమిటీ, ఒక యువజన సంఘం, ఒక మహిళా బృందం అడిగితే అంకెలు మన చేతికి వస్తాయి. ఆ అంకెలతో శాసనసభ్యుల దగ్గరకూ, అవసరమైతే న్యాయస్థానానికీ వెళ్ళవచ్చు.

పుస్తకం అడగడానికి కూడా వెళ్ళండి. వెళ్ళి, దొరకకపోతే, దొరకలేదని అక్కడి సలహాల పుస్తకంలో తేదీతో రాసి సంతకం చేయండి. అడిగేవారు లేరన్న మాటకు అంతకంటే గట్టి జవాబు లేదు. ఇంట్లో పెద్దల పుస్తకాలుంటే తూకానికి వేయకండి. పేరు, రచయిత, సంవత్సరం ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. లిపి రాకపోతే వచ్చినవారి చేత రాయించండి.

చదువుతో మొదలైన వహీని నమ్మే సమాజం మనది. చదవవలసిన పుస్తకం ఎక్కడున్నదో చెప్పే మనిషిని సగం పూటకు అద్దెకు తెచ్చుకొనే స్థితిలో ఆ సమాజాన్ని ఉంచడాన్ని మేము అంగీకరించం. ప్రతి ఉర్దూ పుస్తకానికీ పేరు రాయాలి, ప్రతి పేరుకూ చోటు చూపాలి, ఆ పని చేసే చేతులకు పూర్తి జీతం ఇవ్వాలి. అంతవరకు ఈ ప్రశ్నను అడుగుతూనే ఉంటాం.